ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరమెంత?

అమెరికాకు చదువునకై పోవుచున్న మనుమని చూచి ఇంటిలోని పెద్దామె అడుగు మొదటి ప్రశ్న “ఆ వూరు ఎంత దూరంరా నాయనా?” అనునదే. మనుమడు కిలోమీటర్లు చెప్పడు. “ఢిల్లీలో విమానం ఎక్కితే పదిహేను గంటలే నాయనమ్మా” అనును. ఆమెకు ఊరట కలుగును. పదిహేను గంటలనగా ఆమె ఎరిగిన సంగతియే. రైలులో కాశికి పోయిననాడు అంతకంటె ఎక్కువ కాలమే పట్టినది. అదే ప్రశ్న బడిలో భూగోళశాస్త్రపు పరీక్షలో వచ్చి, పిల్లవాడు గంటలు వ్రాసినచో అతనికి సున్న తప్పదు. అక్కడ కిలోమీటర్లు కావలెను. ఇంటి జవాబును బడి జవాబును ఒకే సంగతికి రెండు పేర్లని పిల్లలు తలచుదురు. పెద్దలలోను పలువురు అట్లే తలచుదురు. దూరమును వేగముచే భాగించినచో కాలము వచ్చునని అంకగణితము నేర్పినది గదా! దారి పెరిగిన కాలము పెరుగును, దారి తగ్గిన కాలము తగ్గును. ఇంతకంటె తేట సంగతి మరియొకటి కనబడదు.

ఈ తేట సంగతి 2016లో తలక్రిందులైనది. ఎయిరిండియా సంస్థ 2015 డిసెంబరు 2న ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు, నడుమ ఎక్కడను దిగని విమానమును నడుప మొదలుపెట్టినది. ఆ విమానము మొదట పడమటి దిక్కుగా సాగి, ఐరోపా మీదుగా పోయి, అట్లాంటిక్ మహాసముద్రమును దాటి అమెరికాను చేరెడిది. ఆ దారి పొడవు సుమారు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబరులో సంస్థవారు దారి మార్చిరి. విమానము తూర్పుగా బయలుదేరి పసిఫిక్ మహాసముద్రము మీదుగా పోవ మొదలిడెను. ఈ క్రొత్త దారి పొడవు సుమారు 15,300 కిలోమీటర్లు. అనగా 1,400 కిలోమీటర్లు అధికము. హైదరాబాదు నుండి ఢిల్లీకి ఆకాశమార్గమున గల దూరముకంటె ఎక్కువ. ఐనను ప్రయాణకాలము పెరుగలేదు సరిగదా, సుమారు రెండు గంటలు తగ్గినది. పదునాలుగున్నర గంటలలో విమానము శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్రాలినది.

చుట్టుదారిన పోయినవాడు ముందుగా చేరుట కథలలో జరుగును. ఇది కథ కాదు. టిక్కెట్టు మీద అచ్చయిన లెక్క. నిజమునకు ఇందులో వింత ఏమియు లేదు. పది సంవత్సరములు భూగోళము చదివిన విద్యార్థికి ఇది వింతగా తోచుటయే అసలైన వింత. తప్పు విద్యార్థిది కాదు. ‘దూరమెంత?’ అను ప్రశ్నకు ఒకే అంకె జవాబని, ఆ అంకెను గోడ మీది పటమునుండి స్కేలుబద్దతో కొలిచి తీయవచ్చునని అతనికి నేర్పిన పద్ధతిది.

పాతకాలపు తెలుగు బాటసారికి ఈ భ్రమ లేకుండెను. అతని భాషలో కోసు, ఆమడ అను కొలతలు ఉండెను. వానితోపాటు పూటనడక, దినప్రయాణము, కూతవేటు అను మాటలును ఉండెను. మొదటివి నేలను కొలిచినవి. తరువాతివి నడచువాని కాళ్ళను, పిలుచువాని గొంతును కొలిచినవి. ఇసుకదారిలో ఆమడ వేరు, గట్టిబాటలో ఆమడ వేరు అని అతనికి ఎవరును చెప్పనక్కరలేదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో చెన్నపట్టణమున బయలుదేరి కాశికి పోయి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిరి. పదిహేను నెలల ఆ యాత్రను గూర్చి వ్రాసిన గ్రంథమున వారు మజిలీకి మజిలీకి నడుమ దూరముతోపాటు దారి ఎట్టిదో, ఏమి దొరకునో, ఏమి దొరకదో చెప్పుచు పోయిరి. దూరములు మాత్రమే వ్రాసి ఊరకున్నచో వెనుక వచ్చు యాత్రికునకు ఆ పుస్తకము ఎందుకు అక్కరకు వచ్చును? కాళిదాసు మేఘసందేశములో యక్షుడు సైతము, ఉత్తరమునకు పోవు మేఘమునకు ఉజ్జయిని చుట్టుదారియే యైనను చూడక పోవద్దనును. ఆ చుట్టుదారి సౌందర్యము కొరకు. విమానపు చుట్టుదారికి కారణము వేరు. ఐనను మేఘమును అనుకూలమైన గాలి మెల్లగా ముందునకు త్రోయుచున్నదని ఆ కవి గుర్తించుట ఇక్కడ మరువదగినది కాదు. ఆ గాలి ప్రస్తావన ముందు రాగలదు.

తొలుత దూరము సంగతి తేల్చవలెను. ఢిల్లీకి శాన్‌ఫ్రాన్సిస్కోకు నడుమ గల దూరము ఒకటి కాదు. తరగతి గోడకు వ్రేలాడు ప్రపంచపటములలో పలుచోట్ల కనబడు మెర్కేటరు పద్ధతి పటమును తీసికొనవచ్చును. అందు అమెరికా ఎడమ అంచున ఉండును. కనుక విద్యార్థి ఢిల్లీ నుండి పడమటి దిక్కుగా గీత గీయును. ఇరాన్ మీదుగా, ఉత్తర ఆఫ్రికా మీదుగా, అట్లాంటిక్ మీదుగా ఆ గీత శాన్‌ఫ్రాన్సిస్కోను చేరును. ఢిల్లీ అక్షాంశము 28½ డిగ్రీలు, శాన్‌ఫ్రాన్సిస్కో అక్షాంశము 37½ డిగ్రీలు. భేదము స్వల్పము గనుక గీత ఇంచుమించు అడ్డగీతయే. చూచుటకు తిన్ననైనది. కాని ఆ గీత వెంట నిజముగా పోయినచో సుమారు 18,600 కిలోమీటర్లు పోవలసి వచ్చును! తెలివిగల విద్యార్థి పటము అంచులను చుట్టి అతికించి, తూర్పుగా గీత గీసినచో దూరము సుమారు 15,000 కిలోమీటర్లకు తగ్గును. అదియు దగ్గరదారి కాదు.

ఇప్పుడు గోళమును తెచ్చి, ఢిల్లీ మీద కుట్టుదారపు ఒక కొనను, శాన్‌ఫ్రాన్సిస్కో మీద రెండవ కొనను ఆనించి బిగువుగా లాగవలెను. దారము తూర్పునకు పోదు, పడమరకు పోదు. ఉత్తరమునకు పోవును. సరిగా చెప్పవలెనన్న, ఉత్తరమునుండి తూర్పునకు 16 డిగ్రీలు మాత్రమే ఒరిగి బయలుదేరును. హిమాలయములను, టిబెట్టును, సైబీరియాను దాటి, ఆర్కిటిక్ సముద్రమున 75వ అక్షాంశము మీదివరకు ఎక్కి, అలాస్కా మీదుగా దిగి శాన్‌ఫ్రాన్సిస్కోను చేరును. దాని పొడవు లెక్కకు సుమారు 12,380 కిలోమీటర్లు. ఆ రెండు నగరముల రేఖాంశములకు నడుమ 160 డిగ్రీల భేదమున్నది; అనగా ఒకటి భూమికి ఈవలి ప్రక్క, రెండవది ఇంచుమించు ఆవలి ప్రక్క. ఇంటి ముంగిటినుండి పెరటికి పోవలసినవాడు ఇంటి చుట్టును తిరుగనక్కరలేదు, కప్పు మీదుగా దాటవచ్చును. ఈ దారమునకే శాస్త్రమున మహావృత్తఖండమని పేరు.

ఈ సంగతిలో మెర్కేటరును నిందించుట న్యాయము కాదు. అతడు 1569లో ఆ పటమును నావికుల కొరకు సిద్ధము చేసెను. దిక్సూచి ముల్లును ఒకే కోణమున నిలిపి ఓడను నడిపినచో ఆ దారి పటము మీద తిన్నని గీతగా కనబడవలెనని అతని ఉద్దేశము, అది నెరవేరినది. దగ్గరదారి చూపుదునని అతడు మాట ఇయ్యలేదు. ఆఫ్రికా ఖండము గ్రీన్‌లాండుకు పదునాలుగు రెట్లు పెద్దదైనను, ఆ పటమున రెండును ఒకే పాటివిగా తోచును. నావికుని పనిముట్టును తీసికొనిపోయి బడిగోడకు తగిలించి, దానినే భూమి అని నమ్మించినవారిది దోషము.

దారముతో కొలుచుటకు పెద్ద గణితము అక్కరలేదు. మీటరు అను కొలతయే భూమినుండి పుట్టినది. ఫ్రాన్సు దేశమున 1790 తరువాతి సంవత్సరములలో దానిని నిర్ణయించినవారు, ధ్రువమునుండి భూమధ్యరేఖవరకు గల దూరములో కోటవ వంతు మీటరు కావలెనని తలచిరి. అందుచేతనే భూమి చుట్టుకొలత చక్కగా 40,000 కిలోమీటర్లకు దాపున ఉన్నది. అందుచేతనే ఏ రెండు విమానాశ్రయముల నడుమనైనను దగ్గరదారి 20,000 కిలోమీటర్లకు మించజాలదు. ముప్పది సెంటీమీటర్ల వ్యాసము గల గోళము మీద భూమధ్యరేఖ చుట్టు దారము చుట్టినచో 94 సెంటీమీటర్లు పట్టును. ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కోల నడుమ 29 సెంటీమీటర్లు పట్టును. ఇక త్రైరాశికమే. ఆరవ తరగతి పిల్లవాడు చేయదగిన లెక్క. పెద్ద తరగతులవారు చేసి చూచుకొనక మానిన లెక్క.

అట్లైనచో విమానము ఆ 12,380 కిలోమీటర్ల దారినే ఏల పోలేదు? కారణములు ఒకటి కంటె ఎక్కువగా ఉన్నవి. ఆకాశమున పది, పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున విమానములోని గాలి పీడనము హఠాత్తుగా పడిపోయినచో, ప్రయాణికుల ఊపిరి నిలుచుటకు విమానము త్వరగా సుమారు పదివేల అడుగుల ఎత్తునకు దిగవలెను. టిబెట్టు పీఠభూమి సగటు ఎత్తే అంతకంటె ఎక్కువ. దిగుటకు అక్కడ చోటు లేదు. రెండు ఇంజనుల విమానము, ఒకటి చెడినచో నిర్ణీత కాలములో చేరదగిన విమానాశ్రయము దారి పొడుగునను అందుబాటులో ఉంచుకొనవలెను. ఆర్కిటిక్ ప్రాంతమున అట్టివి అరుదు. అక్కడి ఆకాశపు చలిలో ఇంధనము గడ్డకట్టు భయమును ఉన్నది. ఈ అడ్డంకులు దాటరానివి కావు. 2021 జనవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరిన ఎయిరిండియా విమానము ఉత్తరధ్రువము మీదుగా ప్రయాణించి 11న బెంగళూరులో దిగినది; దానిని నడిపిన పైలట్లు అందరును స్త్రీలే, నాయకురాలు కెప్టెన్ జోయా అగర్వాల్. ఐనను ప్రతిదినము నడుచు దారికి లెక్కలు వేరు.

దూరము సంగతి ఇంతటితో చాలును. అసలు రహస్యము గాలిలో ఉన్నది.

గోదావరిలో పడవ నడుపువానిని అడిగినచో ఈ రహస్యమును ఒక్క మాటలో చెప్పును. ఏటివాలున పోవుట వేరు, ఎదురు పోవుట వేరు. రేవునకు రేవునకు దూరము మారదు, పూట మారును. ఆకాశమునందును ఏరులున్నవి. ఉష్ణమండలపు వేడి గాలికిని ధ్రువమండలపు చల్లగాలికిని గల భేదమువలనను, భూభ్రమణమువలనను, సమశీతోష్ణ మండలముల మీద తొమ్మిది మొదలు పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున పడమటనుండి తూర్పునకు గాలులు మహావేగముతో ప్రవహించుచుండును. గంటకు 150, 200 కిలోమీటర్ల వేగము వానికి సామాన్యము. చలికాలమున ఇంకను హెచ్చు. వీనినే జెట్ స్ట్రీములందురు. జపాను వాతావరణశాస్త్రజ్ఞుడు వాసబురో ఓయిషీ 1920 తరువాతి సంవత్సరములలో తటేనో పరిశీలనాలయమున బుడగలను ఎగురవైచి ఈ గాలులను కనుగొని, 1926లో ప్రకటించెను. ప్రపంచమంతయు చదువగలదని ఆశించి దానిని ఎస్పెరాంతో భాషలో వ్రాసెను. కనుక దాదాపు ఎవరును చదువలేదు! 1944లో అమెరికా బాంబరు విమానములు జపాను మీద ఆ ఏటికి చిక్కుకొని గురి తప్పిన తరువాతగాని ఇతరులకు దాని బలము తెలిసిరాలేదు.

ఇప్పుడు నల్లబల్ల మీద భాగహారము చేయవచ్చును. 15,300ని పదునాలుగున్నరతో భాగించినచో గంటకు 1,055 కిలోమీటర్లు. విమానము తన సొంత బలముతో గాలిలో పోవు వేగము సుమారు 900. మిగిలిన 155 ఎక్కడిది? ఆకాశపు ఏటిది. పడమటి దారిలో 13,900ని పదునారున్నరతో భాగించినచో 842. అక్కడ ఎదురుగాలి 58 కిలోమీటర్లను తినివేసినది. ఈ రెండు భాగహారములు చేయని తరగతి గదిలో జెట్ స్ట్రీము అను మాట వల్లెవేయించుట వ్యర్థము.

ఇక్కడ విద్యార్థులకు మరియొక భ్రమ కలుగును. పోవునప్పుడు పోయిన కాలము వచ్చునప్పుడు కలిసివచ్చును గనుక మొత్తము మీద నష్టము లేదందురు. పడవ లెక్కయే దీనికి జవాబు. నిలకడ నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోవు పడవ ఉన్నదనుకొందము. ఏటి వేగము 4. రేవులకు నడుమ 48 కిలోమీటర్లు. వాలున 16 చొప్పున 3 గంటలు, ఎదురుగా 8 చొప్పున 6 గంటలు, వెరసి 9. నీరు కదలకుండినచో రెండు వైపులకును కలిపి 8 గంటలే. ఏరు ఇచ్చినదానికంటె ఎక్కువ పుచ్చుకొన్నది. ఎదురీత ఎక్కువ కాలము సాగును గనుక నష్టమునకు ఎక్కువ సమయము చిక్కును, లాభమునకు తక్కువ సమయము చిక్కును. రాకపోకలకు ఒకే దారి ఉన్నంతవరకు ఈ నష్టము తప్పదు.

ఏరు గుండ్రముగా తిరుగునదైనచో? అప్పుడు తప్పును! ఢిల్లీ, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణమున గల గొప్ప చమత్కారము ఇదియే. పోవునప్పుడు తూర్పుగా పసిఫిక్ మీదుగా పోయిన విమానము, తిరిగి వచ్చునప్పుడు పడమటికి మరలలేదు. మరల తూర్పుగానే అట్లాంటిక్ దాటి ఢిల్లీ చేరెను. రాకపోకలు కలిసి భూప్రదక్షిణమైనవి. రెండు వైపులను గాలి వెన్ను తట్టినది. పెరటికి ఇంటి కుడిప్రక్కగా పోయినవాడు ఎడమప్రక్కగా ముంగిటికి వచ్చినట్లు! బల్లపరుపు పటమును తప్ప గోళమును చూడని విద్యార్థికి ఈ సంగతి ఎన్ని మాటలతో చెప్పినను మనసునకు ఎక్కదు. గోళమును త్రిప్పి చూపినచో మాటలతో పని లేదు.

ఈ చోటనే ఒక చురుకైన విద్యార్థి లేచి, “భూమి పడమటినుండి తూర్పునకు తిరుగుచున్నది గదా, పడమటికి పోవు విమానమునకు ఊరు తానే ఎదురువచ్చి త్వరగా అందవలెను గదా?” అని అడుగును. ఇది తెలివిగల ప్రశ్న. కసరి కూర్చుండబెట్టుట పాపము. భూమధ్యరేఖ వద్ద నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగముతో తిరుగుచున్న మాట నిజము. కాని గాలియు నేలతోపాటే తిరుగుచున్నది. ఎగురకముందే విమానమునకు ఆ వేగము కలదు. పోవుచున్న రైలు పెట్టెలో ఎగురు ఈగను వెనుక గోడ వచ్చి కొట్టదు. అట్లు కానిచో అమెరికా పోవుటకు విమానములే అక్కరలేదు. బెలూను ఎక్కి వ్రేలాడుచుండినచో చాలును. భూభ్రమణము ప్రయాణమున పాలుగొనుట నిజమే గాని, నేరుగా కాదు. గాలులను మలచుట ద్వారా మాత్రమే.

గడియారములు ఈ గందరగోళమును మరింత పెంచును. చలికాలమున శాన్‌ఫ్రాన్సిస్కో సమయము భారతదేశ సమయమునకు పదమూడున్నర గంటలు వెనుక. తెల్లవారుజామున 4 గంటలకు ఢిల్లీలో బయలుదేరి పదునాలుగున్నర గంటలు ప్రయాణించిన మనుమడు, అదే తేదీన అక్కడి తెల్లవారుజామున 5 గంటలకు దిగును. టిక్కెట్టు మాత్రమే చూచినవారు ప్రయాణము ఒక్క గంట అనుకొన్నను అనుకొందురు. జూల్స్ వెర్న్ 1872లో ప్రకటింప మొదలిడిన ఎనుబది దినముల భూప్రదక్షిణపు నవలలో కథానాయకుడు తూర్పుగా తిరిగి వచ్చి, తనకు ఒక దినము మిగిలినదని తెలియక పందెము ఓడితినని క్రుంగిపోవును. ఈ దినములలో ఆ నవలను భూగోళపు ఉపాధ్యాయుడును భాషోపాధ్యాయుడును కలిసి చెప్పిన ఎంత బాగుండును! అంతర్జాతీయ దినరేఖ అను పాఠము నాలుగు పంక్తులలో ముగియునది కాదు.

వీటన్నిటిని మించినది మరియొకటి ఉన్నది; దానిని ఏ గోళమును చూపదు. ఆకాశమునకును సరిహద్దులున్నవి. 2019 ఫిబ్రవరి చివరనుండి జులై నడిమివరకు పాకిస్థాన్ తన ఆకాశమును మూసినప్పుడు ఢిల్లీ నుండి పడమటికి పోవు విమానములు దక్షిణముగా చుట్టు తిరిగినవి. 2022లో ఉక్రెయిన్ యుద్ధము వచ్చి ఐరోపా దేశముల విమానములకు రష్యా ఆకాశము మూతపడగా, ఫిన్లండు రాజధాని హెల్సింకీ నుండి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల ప్రయాణము సుమారు పదమూడు గంటలైనది. హెల్సింకీ కదలలేదు, టోక్యో కదలలేదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ భారత విమానములకు మరల దారి మూయగా, ఢిల్లీ నుండి అమెరికా పోవు విమానములు కొన్ని ఐరోపాలో దిగి ఇంధనము నింపుకొని పోవలసివచ్చినది. ఇంటివద్ద ముసలమ్మ లెక్కించుకొన్న గంటలు తప్పినవి. ఆమె ఆందోళనకు కారణము భూగోళములో లేదు, చరిత్రలో ఉన్నది.

ఇన్ని సంగతులు బడిలో చెప్పుటకు తీరిక ఏదని కొందరు ఉపాధ్యాయులు అడుగవచ్చును. పరీక్షలో అడుగని పాఠము పిల్లలు వినరని మరికొందరు అనవచ్చును. వారి ఇబ్బంది కల్పితము కాదు. పీరియడు నలుబది అయిదు నిమిషములు; పాఠములు పెక్కు. కాని మనోహరమైన వాదము మూడవది: “ఇప్పుడు ప్రతివాని చేతిలోను ఫోనున్నది, దూరము, కాలము రెండును క్షణములో చెప్పును. గోళమెందుకు, దారమెందుకు?”

ఈ వాదమును పరీక్షించి చూడవలెను. యంత్రము దూరము 12,380 కిలోమీటర్లని, కాలము పదునాలుగున్నర గంటలని చెప్పినదనుకొందము. విద్యార్థి భాగించును, గంటకు 854 కిలోమీటర్లు వచ్చును. విమానమునకు తగిన వేగమే గనుక తృప్తిపడి పుస్తకము మూయును. జవాబు సరిగా ఉన్నట్లే కనబడును. కాని విమానము పోయినది 12,380 కాదు, 15,300. వేగము 854 కాదు, 1,055. హిమాలయములు, పసిఫిక్కు, ఆకాశపు ఏరు, అన్నియు ఆ ఒక్క భాగహారము క్రింద అణగిపోయినవి. తప్పు జవాబు వచ్చినచో కనీసము అనుమానము పుట్టెడిది. సరియైనట్లు తోచు జవాబు అనుమానమును సైతము చంపివేసినది. ఫోను దోషి కాదు. అది రెండు వేరు ప్రశ్నలకు రెండు వేరు జవాబులు ఇచ్చినది. అవి రెండు వేరు ప్రశ్నలని ఎరుగవలసినవాడు విద్యార్థి, ఎరిగింపవలసినవారు ఉపాధ్యాయులు.

అడుగవలసినది పెద్ద ఖర్చు కాదు. చాలచోట్ల గోళము బీరువా మీద దుమ్ము త్రాగుచుండును, తనిఖీనాడు మాత్రము బల్ల మీదికి దిగును. పిల్లలు పగులగొట్టుదురను భయమున వారిని ముట్టనీయరు. పగిలిన గోళమువలన కలుగు నష్టము వందల రూపాయలు. ముట్టని గోళమువలన కలుగు నష్టమునకు లెక్క కట్టినవారు లేరు. గోళమే లేని బడిలో పాత బంతి చాలును, బత్తాయిపండు చాలును. సిరాచుక్కలు రెండు, దారము ఒకటి. పరీక్షాపత్రము వ్రాయువారు చేయవలసిన సాయము ఒకటి ఉన్నది. ‘దూరమెంత?’ అని అడుగుటకు బదులు, ‘ఈ రెండు ఊళ్ళ నడుమ పోవుటకు ఎక్కువ కాలము, వచ్చుటకు తక్కువ కాలము ఏల?’ అని ఒక్క ప్రశ్న ఇచ్చినచో, బీరువా మీది గోళము తనంత తానే దిగివచ్చును.

తెలుగు పిల్లలకు మొదటి అభ్యాసముగా హైదరాబాదు, చికాగోలను ఇయ్యవచ్చును. 2021 జనవరిలో ఆ రెంటి నడుమ ఎయిరిండియా ఆగని విమానమును మొదలుపెట్టినది. కొంతకాలమునకు అది నిలిచిపోయినది. విమానము లేకున్నను దారము ఉన్నది. చికాగో ఏ దిక్కున ఉన్నదని ముందుగా తరగతిని అడుగవలెను. అమెరికా పాశ్చాత్యదేశము గనుక అందరును కిటికీలోనుండి పడమటికి చేతులు చూపుదురు. అటుపిమ్మట దారము లాగవలెను. అది ఉత్తరమునుండి పండ్రెండు డిగ్రీలు మాత్రమే పడమటికి ఒరిగి, ఢిల్లీకి కొంచెము ఎడమగా, కాశ్మీరు మీదుగా, కజకిస్తాను, యూరల్ పర్వతములు దాటి, 79వ అక్షాంశము దాపునకు ఎక్కి, గ్రీన్‌లాండు మీదుగా కెనడాలోనికి దిగును. ముప్పది సెంటీమీటర్ల గోళము మీద ముప్పదియొక్క సెంటీమీటర్లు చిల్లర. లెక్కకు సుమారు 13,280 కిలోమీటర్లు. చివరి అయిదింట రెండు వంతుల మేర దారము దక్షిణమునకే పోవుచుండును. ఏదో ఒక బల్ల నుండి ఒక గొంతు తప్పక లేచును: “మరి పడమర ఎప్పుడు వస్తుందండీ?” అప్పుడు జవాబు చెప్పక, దారమును ఆ పిల్ల చేతికే ఇచ్చుట మేలు.